దీపాల ఆటలో ఆఖరి పోరు

ఇంకా గంట ఉంది. నాలుగింటికి ధీరజ్ లైవ్‌లోకి వస్తాడు. వచ్చి, నేను రాసిచ్చిన అబద్ధాన్ని తన సొంత మాటల్లా గడగడా చెప్పేస్తాడు. చెప్పిన రెండు నిమిషాల్లో కామెంట్లలో జనం వాడిని ఉతికి ఆరేస్తారు. నేనిక్కడ సూరత్ పక్కన జోల్వాలో, పదడుగుల గదిలో, రాత్రి పాళీ చేసొచ్చి గుర్రుపెట్టి నిద్రపోతున్న బాపు పక్కన కూర్చుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఒళ్లో చీర వేసుకుని, వెనకవైపు వేలాడే దారాలు కత్తిరిస్తూ చూస్తాను. ఎంబ్రాయిడరీ మిషను మీంచి దిగిన చీర ముందు నుంచి చూస్తే పెళ్లికూతురే, వెనక్కి తిప్పితే అంతా పీచు. ఆ పీచు తియ్యడం నా పని. పొద్దుటి నుంచి పద్దెనిమిది చీరలయ్యాయి, ఇవాళ చెయ్యి భలే ఆడుతోంది. కడుపులో మంట ఉంటే చేతికి వేగం వస్తుందని నాకెవరూ చెప్పలేదు కానీ వస్తుంది. ఒక్కో దారం వాడి పిలక అనుకుని కత్తిరిస్తున్నాను. వాడికి పిలక లేదనుకోండి. దువ్వెన నిలవనంత ఒత్తు జుట్టు, లాక్‌డౌన్‌లో క్షౌరశాలలు మూసేస్తే బాల్కనీలో స్టూలు మీద కూర్చోబెట్టి మా అవ్వే కత్తిరించిన జుట్టు. మేం అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు. ఆ రోజు వాడు అద్దంలో చూసుకుని అవ్వ మీద అలగలేదు, పడీపడీ నవ్వాడు. అది గుర్తు రాకూడదు ఇవాళ. ఇవాళ గుర్తు రావలసినవి వేరే ఉన్నాయి.

లాక్‌డౌన్ అంటే నిరుడు మార్చి ఆఖరు. అవ్వ ఉషాదేవి మేడం ఇంట్లో వంట చేస్తుంది, ఇప్పటికీ చేస్తుంది, ఈ నిమిషాన కూడా సూరత్‌లో, వేసూలో, వాళ్ల వంటింట్లోనే ఉంది. మేడం డాక్టరు, మాలాగే తెలుగువాళ్లు, వరంగల్ వైపు. సార్ హైదరాబాద్‌లో చిక్కుకుపోయారు, మేడంకి కరోనా వార్డులో డ్యూటీ పడింది, సొసైటీ గేటు పనివాళ్లకు మూసేశారు. "ఎల్లవ్వా, నువ్వు ఇక్కడే ఉండిపో, పిల్లను కూడా తెచ్చుకో" అన్నారు మేడం. బాపు మాత్రం ఇక్కడే ఖాతాలో ఉండిపోయాడు. మగ్గాలు నడిచే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఆగిపోయిన మగ్గాల మధ్య యాభై రోజులు, కిచిడీ వండుకుని, మాటిమాటికీ ఫోన్ చేసి "గీ సప్పుడు లేకుంట నిద్ర పడ్తలేదే" అనేవాడు. మేడం తన గదిలో తలుపేసుకుని ఉండేవారు, అవ్వ గడప దగ్గర పళ్లెం పెట్టి వెనక్కి జరిగేది. మిగిలిన ఇల్లంతా నాదీ, మేడం కొడుకు ధీరజ్‌దీ. వాడికి పంతొమ్మిది, నాకు ఇరవై. మేడం వింటుంటే వాడిని మీరు అనేదాన్ని, టీవీ ముందు కూర్చుంటే నువ్వు. ఆ నువ్వు దగ్గరే నేను మోసపోయానేమో. ఆటలో కలిసిన మనిషి ఆట బయట కూడా మనవాడే అనుకోవడం, ఇరవై ఏళ్ల పిల్లకు అంతకంటే బుద్ధి ఎక్కణ్నుంచి వస్తుంది.

టీవీలో రెండు వీడియో గేములు ఆడాం. వాటి అసలు పేర్లు నోరు తిరగవు. ఒకటి అంతా బూడిద, బూడిద కొండలు, బూడిద గుర్రాలు, అందుకని బూడిద ఆట. రెండోదాంట్లో ఎవరి వంతు వస్తే వాళ్ల నెత్తిన చిన్న దీపం వెలుగుతుంది, అది దీపాల ఆట. వాడికి బూడిద ఆట ప్రాణం. అందులో వంతుల్లేవు. మీద పడేవాడు పడుతూనే ఉంటాడు, నువ్వు దొర్లాలి, లేవాలి, రెండు పోట్లు పొడవాలి, మళ్లీ దొర్లాలి, రెప్ప వేశావా చచ్చావు. ఒక్కో పెద్ద రాక్షసుడి దగ్గర వాడు నలభై సార్లు చచ్చి నలభై ఒకటోసారి గెలిచి సోఫా మీద ఎగిరేవాడు. దీపాల ఆట పెడితే ఆవలించేవాడు. "యార్ వినోదా, ఇది ఆటనా, బ్యాంకుల టోకెన్ తీసుకుని కూసున్నట్టుంది" అనేవాడు. కాదురా అబ్బాయ్, అని నేను వాదించేదాన్ని. నీ దీపం వెలిగేదాకా నిన్ను ఆడమనేవాడు లేడు. వాడి దీపం వెలిగితే వాడు కొడతాడు, నువ్వు పడతావు, నీది వెలిగితే ప్రపంచం మొత్తం ఆగి నువ్వేం చేస్తావా అని చూస్తుంది. కత్తి తియ్యొచ్చు, మందు రాయొచ్చు, పక్కవాడికి అడ్డం నిలబడొచ్చు, ఏమీ చెయ్యకుండా ఆగు అని నొక్కొచ్చు. పోరంతా ఆ ఆలోచనలోనే ఉంది, వేళ్లలో కాదు. ఇక నడక చూస్తే బూడిద ఆటకు నడకే లేదు, మొదటి గంటా ఇరవయ్యో గంటా ఒకటే దడ. దీపాల ఆట మొదటి పది గంటలూ ఊరూరికీ నూనె కుండలు మోయిస్తుంది, వంట చేయిస్తుంది, ముసలమ్మల కబుర్లు వినిపిస్తుంది, గంటకు రెండు పోట్లాటలుంటే గొప్ప. ఆ నిదానం ఎందుకో ఆఖరిదాకా ఆడితే గానీ తెలీదు. ధీరజ్ తొమ్మిదో గంటలో లేచిపోయాడు. వాడు ఏ ఆటనీ చివరిదాకా ఆడడు. బూడిద ఆటలో కూడా సగంలో కొత్త రాక్షసులు అయిపోయారని వదిలేశాడు. ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు, ఇవాళ వాడి మెడకు చుట్టుకునేది ఇదే.

వాడు మధ్యాహ్నం రెండింటిదాకా పడుకునేవాడు. పొద్దుట అవ్వతో పాటు లేచి, గిన్నెలు తోమిచ్చి, టీవీ గొంతు తగ్గించి, దీపాల ఆట నేనొక్కదాన్నే ఆడాను. అరవై ఒక్క గంట. ఆఖరికి దీపాలన్నీ ఆర్పేసిన రాణి ఉంటుంది, ఆమె ముందు మనం ఆడించే నలుగురు మనుషులు. మొదటి వంతులో కొట్టాను, ఆ దెబ్బ నా మనుషులకే తగిలింది. రాణి వంతు వచ్చింది, ఆమె ఏమీ చెయ్యలేదు, నిలబడి చూసింది. ఇంకా గట్టిగా కొట్టాను. ఇంకా గట్టిగా నా వాళ్లే పడ్డారు. ఎనిమిది సార్లు ఓడిపోయాను, రెండు రోజులు. తొమ్మిదోసారి విసుగొచ్చి, వేళ్లు నొప్పెట్టి, నలుగురికీ ఆగు అని నొక్కాను. రాణి ఏమీ చెయ్యలేదు. మళ్లీ ఆగు. ఏడు వంతులు అలా గడిచాక రాణి నేల మీద కూర్చుంది, అంతవరకూ ఎన్నడూ వెలగని దీపం ఆమె నెత్తిన వెలిగింది, ఆట అయిపోయింది. పోరు లేదు. గంటల తరబడి నూనె మోయించింది, ముసలమ్మల మాటలు వినిపించింది, మనకు ఆగడం అలవాటు కావాలనే. నేను భోరున ఏడ్చేశాను. అవ్వ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏందే, ఎవలన్న పోయిండ్రా?" అంది. అప్పుడు ఏడుపు వినిపిస్తే అడగవలసింది అదొక్కటే. ఎవ్వలు పోలేదవ్వా అని చెప్పి, అవ్వ కొంగుకు ముక్కు తుడుచుకున్నాను. ధీరజ్ నిద్ర కళ్లతో వచ్చి, తెర మీద అరవై ఒకటి చూసి, "చెప్పకు, చెప్పకు, నేనే ఆడుకుంట" అని చెవులు మూసుకున్నాడు. ఆడలేదు. ఇంతవరకూ ఆడలేదు.

అదంతా రాశాను. నోట్‌బుక్‌లో, పదిహేడు పేజీలు, రెండు ఆటల పోరూ నడకా పక్కపక్కన పెట్టి. ఆఖరు మాత్రం దాచాను, ఆడబోయేవాళ్ల నోటి దగ్గర కూడు తియ్యకూడదని. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఎనిమిదిదాకా చదివాను, అక్కడి పద్మారాణి టీచర్ నా వ్యాసాలు పక్క తరగతిలో చదివి వినిపించేది, ఆ పొగరు ఇంకా కొంచెం మిగిలుంది. అందులో బాపు గురించి రాశాను. బాపు పన్నెండు మగ్గాలు చూస్తాడు. ఇటు నాలుగో మిషన్లో దారం తెగుతుంది, అటు తొమ్మిదోది ఆగుతుంది, వంగి ముడేసేలోగా వెనక ఇంకోటి అరుస్తుంది, పన్నెండు గంటలు అలాగే. పన్నెండు మగ్గాల మధ్య తిరిగే మనిషికి వంతంటూ రాదు, అందుకే ఆ మనిషి కూతురికి వంతు వచ్చే ఆట కావాలి, అని రాశాను. ధీరజ్‌కు తెలుగు చదవడం రాదు, ఇంగ్లిషు బడి. చదివి వినిపించమంటే వినిపించాను, మళ్లీ వింటానని ఫోన్లో ఎక్కించుకున్నాడు. జూన్‌లో మేము జోల్వాకు తిరిగొచ్చేశాం. డిసెంబర్‌లో ఇదే మూల కూర్చుని దీపాల ఆట గురించి ఏమైనా ఉందా అని ఫోన్లో వెతికితే వాడి ముఖం వచ్చింది. ఛానల్, కొత్త మైకు, వెనక నీలం లైటు. నా పదిహేడు పేజీలు, కామాతో సహా. పన్నెండు మగ్గాలు వచ్చేసరికి "నాకు తెలిసిన ఒకాయన ఉన్నడు" అన్నాడు. నాకు తెలిసిన ఒకాయన. ఒకసారి ఈ ధీరజ్ వాళ్లమ్మకు జ్వరమొస్తే పసుపు కొమ్ము సంచిలో వేసుకుని జోల్వా నుంచి సిటీ దాకా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లినాయన. నలభై వేల మంది చూశారు. అన్నా ఏం పోలిక, గుండెకు తగిలింది, అని రాశారు. తగిలింది నా గుండెకు.

వారంలో వాడే ఫోన్ చేశాడు. దొరికిపోయిన గొంతు కాదు, హుషారుగా, "వినోదా, మన వీడియో బాగ పోయింది, ఇంకోటి రాస్తవా?" అన్నాడు. మన. నేను తిట్టలేదు. రాస్తా అన్నాను. ఎందుకన్నానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. నా వాక్యం అంతమంది చెవుల్లో పడటం తియ్యగా ఉంది, అంతే. మూడు రాసిచ్చాను, చదివి పంపితే వాడు ఇంగ్లిషు అక్షరాల్లో దించుకునేవాడు. దొంగకు తాళం చెవి ఇచ్చి, దీపం పట్టుకుని దారి కూడా చూపించాను. ప్రతిసారీ ఈసారి పేరు చెప్తాడని చివరిదాకా చూసేదాన్ని. చెప్పేవాడు కాదు, లైక్ కొట్టండి అని ముగించేవాడు. అడగొచ్చు కదా అంటారు. వాళ్ల వంటింట్లో మా అవ్వ ఉంది. అడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు ఉంటుంది, అడక్కపోతే ఇలా దారాలు కత్తిరించుకోవాలి. మొన్న ఏప్రిల్‌లో, ఆక్సిజన్ దొరక్క ఊరంతా అల్లాడుతున్నప్పుడు, ఎవరో వాడిని ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేశారు. సూరత్‌లో పెరిగి తెలుగు ఇంత బాగా ఎలా రాస్తావు బ్రదర్ అని అడిగారు. వాడు జుట్టులోకి వేళ్లు పోనిచ్చి నవ్వి, "మమ్మీ వాళ్లది వరంగల్ కదా, రక్తంల ఉన్నది" అన్నాడు. రక్తంలో ఉందట. ఆ రోజు రాత్రి అన్నం సహించలేదు. పద్మారాణి టీచర్ నా అక్షరాల మీద ఎర్రసిరాతో కొట్టిన గీతలు, నేను అట్ట చిరిగిన పుస్తకాలు పట్టుకుని చేసిన పారాయణం, అవన్నీ వాడి రక్తంలోకి ఎప్పుడు దూరాయి? వాడిని అందరి ముందూ పడెయ్యాలి, లేవలేకుండా పడెయ్యాలి అని అప్పుడే అనుకున్నాను.

బూడిద ఆట వాళ్లలా వెంటనే కొట్టలేదు. నేను వంతు కోసం ఆగేదాన్ని. మే గడిచింది, జూన్, జూలై. పోయిన నెల వాడే అడిగాడు, పెద్ద లైవ్ పెడుతున్నా, ఏళ్ల తరబడి ఆడినవాళ్లు వస్తారు, రెండు ఆటల ఆఖరి పోరు మీద ఒకటి రాయి అని. నా నెత్తిన దీపం వెలిగింది. రాశాను, ఎంత బాగా రాశానో. "అరవై గంటలు మెల్లగా నడిపించిన ఆట, ఆఖరికి ముప్ఫై వంతుల మహా పోరు పెడుతుంది. నేర్చుకున్నదంతా అక్కడ తీసి వాడాల్సిందే. రాణి కూలే ఆ చివరి దెబ్బకు ఆరిన దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతాయి." ఆట పూర్తి చేసిన ఏ మనిషికైనా ఇది వింటే నవ్వొస్తుంది, లేక ఒళ్లు మండుతుంది. వీడు చివర చూడనే లేదని తేలిపోతుంది. చూడకుండా ఇన్నాళ్లూ ఎవరి మాటలు చిలకలా పలికాడనే మాట దాని వెనకే వస్తుంది. ఒక్కటే బాధ. ఆ చివర నాకు దేవుడి గది. దాన్ని నా చేత్తోనే పాడు చేశాను, వాడిని కొట్టడానికి అంతకంటే బరువైన వస్తువు చేతికి అందలేదు. చదివి పంపిస్తుంటే ముప్ఫై వంతుల దగ్గర ఆపేసి, నీళ్లు తాగి మళ్లీ చదివాను. ఈ వారంలో వాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు, ఏదైనా సందేహం అడుగుతాడేమో, నా గొంతు నన్ను పట్టిస్తుందేమో అని. నిన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఫోన్ ఎత్తవేంది? రేపు లైవ్ పక్కా చూడు, నీకొక సంగతి చెప్పాలె." సంగతట. ఏదో కంపెనీ వాడికి టీ షర్టు పంపి ఉంటుంది, అది చూపించి మురిసిపోవాలి. మురిసిపో నాయనా, నాలుగింటిదాకా మురిసిపో.

"గంత పటపట కోస్తున్నవేంది, ఎవలి మీద?" అన్నాడు బాపు. మూడున్నరకు మెలకువ వచ్చింది, కళ్లు తెరవలేదు.

"ఎవలి మీద లేదు. జర చాయ్ పెట్టాల్నా?"

వద్దని చెయ్యి ఊపి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దూది పీచు చెవుల మీద తెల్లగా ఉంది, ఎన్నిసార్లు తుడుచుకున్నా ఉంటుంది. చూస్తే దేవదాస్ గుర్తొచ్చాడు. అవే పన్నెండు మగ్గాల మీద బాపుది రాత్రి పాళీ, దేవదాస్‌ది పగలు, పదిహేను రోజులకు మార్పు. దేవదాస్‌కు బాపు అంటే గిట్టేది కాదు. దిగిపోయే ముందు తెగిన దారాలకు వదులు ముళ్లు వేసి పోయేవాడు, తన పాళీ అయ్యేదాకా నిలిచేలా, బాపు పాళీలో ఊడేలా. బట్టలో తప్పు వస్తే తిట్లు బాపుకు. శత్రువును ఎలా కొట్టాలో నాకు నేర్పింది ఆయనే అనుకోవచ్చు, నేను ధీరజ్‌కు చదివి పంపినదాంట్లో ఉన్నది అలాంటి ముడే. కానీ బాపు ఏనాడూ తిరిగి ఒక్క వదులు ముడి వెయ్యలేదు. చిన్నప్పుడు దానికి ఆయన మీద ఎంత కోపమొచ్చేదో. సున్నం వేసిన గోడలా ఉంటాడు, ఏమన్నా అంటుకోదు. ఇవాళ అడగాలనిపించింది. "బాపు, దేవదాస్ గన్ని సార్లు జేస్తే నువ్వు ఒక్కపారన్న ఎందుకు జెయ్యలే?"

"ఏం జేస్తం," అన్నాడు. చెవి మీది పీచు తుడుచుకుంటూ మళ్లీ అన్నాడు, "వాని ముళ్లు వదులుంటయని ఎరుకనే గద. పోంగనే పన్నెండు మిషన్లు తిరిగి అన్ని మల్ల కట్టుకునేది. గంట పట్టేది. వాడు పోయిండు గదా మొన్న ఏప్రిల్ల. ఇప్పుడు కొత్తోడు మంచిగనే కడ్తడు. పోంగనే గా గంట ఏం జెయ్యాల్నో తోస్తలేదు బిడ్డా." చెప్పి, ముఖం కడుక్కోవడానికి తువ్వాలు తీసుకుని బయటికి వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చినవాడి మీద బెంగ పెట్టుకోవడానికి తిట్లు తిన్న పదేళ్లు సరిపోలేదా? నేను ఈయనలా కాను. నాకు బెంగలు లేవు. ఇరవయ్యో చీర తీశాను, దారం బదులు బట్టకే కత్తెర తగిలింది, వేలెడు చిరుగు పడింది. దాన్ని మడిచి కింద పెట్టేశాను. నాలుగు కావడానికి మూడు నిమిషాలుంది.

వచ్చాడు. నీలం లైటు, మైకు, జుట్టు మళ్లీ చెవులదాకా పెరిగింది. పదకొండు వందల మంది చూస్తున్నారని తెర మూలన అంకె. వాడి వెనక ఎక్కడో కుక్కర్ మూడు కూతలు వేసింది, అది అవ్వ పెట్టిన పప్పు, ఆదివారం మేడంకి ముద్దపప్పు కావాలి. బూడిద ఆట ముందు ఎత్తుకున్నాడు, దొర్లడం లేవడం, నేను రాసినట్టే, నేను ఆగమన్నచోట ఆగుతూ. బాగా చెప్తాడు, ఒప్పుకోవాలి. నా గుండె మగ్గంలా కొట్టుకుంటోంది. దీపాల ఆటకు వచ్చాడు. నూనె కుండలు. ముసలమ్మలు. చెప్పు, చెప్పు, ఇంకో రెండు వాక్యాలు. "ఆఖరికి ముప్ఫై వంతుల మహా పోరు పెడ్తది" అన్నాడు. అన్నాడు! కళ్లు మెరుస్తుండగా, చెయ్యి గాల్లోకి ఎత్తి, రాణిని కూల్చేశాడు. నేను కత్తెర కింద పెట్టి రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాను. కామెంట్లు ఒక క్షణం ఆగాయి, తర్వాత ఇంగ్లిషు అక్షరాల తెలుగులో దబదబా వచ్చిపడ్డాయి. ఏం పోరు బ్రో? అక్కడ పోరే లేదు. ఆట ముగించావా లేదా? ఎవరు రాశారు ఇది? అవునండీ, అడగండి, ఎవరు రాశారో అడగండి. నవ్వొచ్చింది, నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. వాడు ఇంకా కామెంట్లు చూడలేదు. నోట్స్ కాగితం పక్కన పెట్టి, గ్లాసులో నీళ్లు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు ఒక సంగతి," అన్నాడు. "ఏప్రిల్ల మమ్మీ ఐసీయూల ఉండె. పదకొండు రోజులు. అప్పుడు ఇంట్ల ఎవ్వరు లేరు, ఖాళీగ కూసోని నా వీడియోలు నేనే చూసుకున్న. నాకే షరమ్ అనిపించింది. గీ ఛానల్ల మీకు నచ్చిన మాటలు ఒక్కటి గూడ నావి కావు. పన్నెండు మగ్గాలు నావి కావు. రక్తంల ఉన్నదని చెప్పిన, అది గూడ ఝూట్. ఇవాళటిది గూడ ఆమెనే రాసింది. ఆమె పేరు వినోద. జోల్వాల ఉంటది. మగ్గం నడిపే పరుశురాం కాక బిడ్డ. ముందుగాల ఆమెనే అడుగుదమని ఫోన్ చేసిన, ఎత్తలే. ఇగ ఇవాళ చెప్పేస్తున్న."

నా పేరు. నా బాపు పేరు, కాకతో సహా. మేడం ఐసీయూలో ఉన్నారన్న సంగతి కూడా నాకు తెలీదు, ఏప్రిల్‌లో అవ్వను రావద్దన్నారంతే, జ్వరం తగిలిందట అని అవ్వ ఊరుకుంది, నేను అడగలేదు, పగలో పడి అడగలేదు. తెర మీద నా పేరు ఇంగ్లిషు అక్షరాల్లో దొర్లుతోంది. ఎవరీ వినోద? ఆట ఆడకుండానే రాసిందా? అరవై గంటలు అట, అబద్ధాలు. మగ్గం కథ కూడా అల్లిందేనేమో. వంట చేసుకోమను అక్కను. నేను వాడి కోసం తవ్వి పెట్టినదంతా నా పేరు మీద, బాపు పేరు మీద పడుతోంది, ఒక్కొక్కటిగా, నేను అనుకున్న మాటలతోనే. ధీరజ్ అప్పుడే కామెంట్లు చూశాడు. వంగి చదివాడు. ముఖం ఎర్రబడింది, నేను కోరుకున్నట్టే, కానీ నా కోసం.

"లేదు," అన్నాడు. "మీరే తప్పు. నేను ఆడలేదు, నిజం, తొమ్మిది గంటలకే వదిలేసిన. ఆమె ఆఖరుదాక ఆడింది. అరవై ఒక్క గంట, నా టీవీల, నా కండ్లతోని చూసిన. అయిపోయినంక ఏడ్చింది గూడ. ఆమె ఆట గురించి ఝూట్ చెప్పదు. పోరు ఉన్నదని రాసిందంటే ఉన్నట్టే." అవతల నవ్వే బొమ్మలు వరదలా వస్తున్నాయి. చివరి దృశ్యం ఎవరో లింకు పెట్టారు. వాడు దాన్ని తెరవనే లేదు. "లింకులు అక్కర్లేదు, వినోద చెప్పింది" అన్నాడు, వెర్రివాడిలా, రెండోసారి, మూడోసారి. ఊరుకో ధీరజ్, ఊరుకో అని పైకే అన్నాను. ఇయర్‌ఫోన్ వైరు చెవిలోంచి ఊడి చీర మీద పడింది. ఎంతసేపు అలా చూస్తూ కూర్చోగలను? ఒక అరగంట ఓర్చుకుంటే వాడు లైవ్ ఆపేస్తాడు, వారం పోతే జనం మర్చిపోతారు, ముడి ఎవరు వదులుగా వేశారో ఎవరికీ తెలీదు. వాడు మాత్రం నేను చెప్పింది నిజమనే నమ్ముతూ ఉంటాడు. ఇయర్‌ఫోన్ పీకేసి, లైవ్‌ను తెర మూలకు జరిపాను. ఫోన్ చేశాను.

తెర మీద వాడు పక్కకు చూశాడు, ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, ముఖం విప్పారింది. "ఆమెనే," అన్నాడు జనంతో. "ఆగుర్రి, ఆమెనే చెప్తది." స్పీకర్ నొక్కి మైకు దగ్గర పెట్టాడు. తెర ఒక క్షణం వెనకబడి నడుస్తోంది, వాడి గొంతు ముందు ఫోన్లో, తర్వాత తెర మీద వినిపిస్తోంది. "వినోదా, లైవ్ల ఉన్నం. రాణితోని పోరు ఉన్నదా లేదా, వీళ్లకు చెప్పు."

"లేదు," అన్నాను.

పదకొండు వందల మంది ఉన్నారు, నాకు వాడి ముఖం ఒక్కటే కనిపించింది. అది ఇంకా నవ్వుతూనే ఉంది, మాట అక్కడికి చేరడానికి క్షణం పట్టింది.

"పోరు లేదు ధీరజ్. ఆగుతె అయిపోతది. నాకు ఎరుకనే. నువ్వు గట్ల చదివి నలుగురిల పడాల్నని, కావాలని రాసిన."

వాడు ఫోన్ వైపు చూస్తున్నాడు, కెమెరా వైపు కాదు. వంటింట్లోంచి అవ్వ గొంతు, "ఎవలు బాబూ, మా వినోదనా?" అని వినిపించింది.

"ఎందుకు?" అన్నాడు.

"నా పేరు ఎన్నడు చెప్పలేదని."

"ఇప్పుడు చెప్పిన గదా," అన్నాడు ధీరజ్.